రాగి తీగ ఎంత పొడవున్నా 0.3 ఓమ్‌లేనా? ఉప్పునీటి రీడింగ్ ఎందుకు నిలవదు?

కొలతబద్ద:
మామూలు వస్తువుల నిరోధం మల్టీమీటర్‌తో కొలిచి, పట్టికల్లోని రెసిస్టివిటీతో (పొడవు, మందంతో సంబంధం లేకుండా ఆ పదార్థానికుండే నిరోధ గుణం) సరిచూస్తున్నాను. మూడు చోట్ల లెక్క కుదరడం లేదు. 1 చదరపు మిల్లీమీటర్ అడ్డుకోత ఉన్న రాగి తీగ ఒక మీటర్ ముక్కకు 0.3, అయిదు మీటర్లకు 0.4 ఓమ్‌లు. అల్యూమినియం పట్టీ ఒకసారి 0.5 చూపిస్తుంది, ఇంకోసారి అసలు కరెంటే పోదన్నట్టు ఉంటుంది. ఉప్పునీటిలో అంకె పాకుతూనే ఉంటుంది, ప్రోబులు అటూ ఇటూ మారిస్తే ఇంకో అంకె. మీటర్ పాడైందా?

నాలుగు_తీగలు:
మీటర్ బాగానే ఉందండి. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించండి, 0.3 దగ్గరే వస్తుంది. అది వాటి తీగలది. రాగి రెసిస్టివిటీ 20 డిగ్రీల దగ్గర 1.68×10⁻⁸ ఓమ్-మీటర్, అంటే మీ ఒక మీటర్ పొడవు ముక్క నిరోధం 0.017 ఓమ్ మాత్రమే. ప్రోబుల కిందే మునిగిపోతుంది.

ఓమ్ రేంజి వదిలేసి ఇలా చేయండి. 5 వోల్టుల డీసీ సప్లై, 10 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ (1 శాతం తేడా రకమైతే మేలు), మీ తీగ, మూడూ సిరీస్‌లో. 0.5 ఆంపియర్ పోతుంది. మీటర్‌ను 200 మిల్లీవోల్టుల డీసీకి పెట్టి తీగ మీద కొలవండి. అదే మందం తీగకు, ఒక మీటర్ పొడవుకు రాగి సుమారు 8.4, అల్యూమినియం 13, ఇనుము 48 మిల్లీవోల్టులు చూపాలి. నైక్రోమ్‌కు (నికెల్, క్రోమియం మిశ్రమం) 2 వోల్టుల రేంజి కావాలి. పైగా దాని నిరోధమే 1.1 ఓమ్ దాకా ఉండటంతో కరెంట్ 0.45కి పడిపోతుంది. అందుకే కరెంట్‌ను ఊహించకండి, రెసిస్టర్ మీది వోల్టేజీని 10తో భాగించి తీసుకోండి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ప్రోబు మొనలను కరెంట్ క్లిప్పుల (తీగకు సప్లైని కలిపేవి) మీద పెడతారు. క్లిప్పుకు లోపలి వైపు తీగనే తాకాలి, పొడవు కూడా ఆ మొనల మధ్యే కొలవాలి. లేకపోతే క్లిప్పు కాంటాక్టు నిరోధం వచ్చి కలుస్తుంది. పావు వాట్ రెసిస్టర్ పెట్టకండి, మాడిపోతుంది. తీగ 10 డిగ్రీలు వేడెక్కితే రాగి నిరోధం సుమారు 4 శాతం పెరుగుతుంది, రీడింగ్ చూడగానే సప్లై తీసేయండి.

పొర_కింద:
అల్యూమినియం సంగతి వేరు. గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది, అది ఇన్సులేటర్. మొన పొరను చీల్చినప్పుడు 0.5, చీల్చనప్పుడు ఓపెన్, అంటే కరెంట్ పోదు. శాండ్‌పేపర్‌తో రుద్ది, మెరుపు కనబడగానే క్లిప్పు గట్టిగా బిగించండి. ఆనొడైజ్ చేసిన (కావాలనే ఆక్సైడ్ పొర పెంచిన) పట్టీ అయితే పొర ఇంకా మందం, బాగా గీకాల్సిందే.

ఉప్పునీరు:
మీటర్ పంపేది డీసీ. అయాన్లు వెళ్లి ప్రోబుల దగ్గర పేరుకుని ఎదురు వోల్టేజీ పుట్టిస్తాయి. అంకె పాకడం అందుకే. ప్రోబులు తిప్పితే ఆ వోల్టేజీ మీటర్‌కు ఎదురు నిలవకుండా తోడవుతుంది, అందుకే వేరే అంకె.

దీనికి ఏసీ కావాలి. సిగ్నల్ జనరేటర్‌లో 400 హెర్ట్జ్, 1 వోల్టు పెట్టి, నీటికి సిరీస్‌లో 100 ఓమ్ వేయండి. నీటి మీది వోల్టేజీని రెసిస్టర్ మీది దానితో భాగించి 100తో గుణిస్తే నీటి నిరోధం. చవక మీటర్లు చాలావరకు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చెబుతాయి. అతి తక్కువ ఏసీ రేంజి 200 వోల్టులైన మీటర్ పనికిరాదు, 2 వోల్టులది కావాలి. రెండు ఎలక్ట్రోడులూ ఒకే లోహంవి, స్టెయిన్‌లెస్ స్టీల్ మంచిది. 2 సెంటీమీటర్ల వెడల్పు తొట్టిలో 2 సెంటీమీటర్ల లోతు నీరు పోసి, ఆ అడ్డుకోతంతా నిండేలా రేకులు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. లీటరుకు 35 గ్రాముల ఉప్పుకు సుమారు 50 ఓమ్‌లు రావాలి. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే నిరోధం దాదాపు 2 శాతం తగ్గుతుంది, ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

కొలతబద్ద:
అల్యూమినియం గీకగానే నిలబడింది, సంతోషం. ఎండిన చెక్కకు మీటర్ ‘1’ చూపిస్తోంది. ఇన్సులేటర్ అనుకోవచ్చా?

నాలుగు_తీగలు:
అనుకోకండి. ‘1’ అంటే రేంజి దాటింది అని మాత్రమే. కొన్ని వోల్టులతో చూసే మీటర్‌కు ఇన్సులేషన్ తెలియదు, దానికి 500 వోల్టుల మెగ్గర్ ఉంటుంది. చెక్క కాస్త తేమ పట్టినా నిరోధం మెగాఓమ్‌లకు (పది లక్షల ఓమ్‌లు ఒక మెగాఓమ్) పడిపోతుంది. ఆ రేంజిలో ప్రోబు లోహాన్ని రెండు చేతులతో పట్టుకోకండి, మీ ఒళ్లే చెక్కకు సమాంతరంగా కలిసిపోతుంది.