పీవీసీ పైపుతో రోబోకి గాలి ట్యాంకు చెయ్యొచ్చా?

నాగావళి_బాట్ (శ్రీకాకుళం): కాలేజీ రోబోలో 1 లీటరు స్టీల్ ట్యాంకు ఉంది, గాలి చాలట్లేదు. పీవీసీ పైపుకి రెండు వైపులా మూతలంటించి ఇంకోటి చేద్దామని జట్టులో ఆలోచన. పైపు మీద 10 కేజీ (చదరపు సెంటీమీటరుకి, దాదాపు 10 బార్ ప్రెషర్) అని ఉంది, కంప్రెసర్ 8 బార్‌కి ఆగిపోద్ది. పర్లేదా?

కోట_ఫిట్టర్ (విజయనగరం): వద్దు తమ్ముడూ. ఆ 10 కేజీ నీళ్లకి, అదీ 27 డిగ్రీల దగ్గర. వేడెక్కితే పైపు బలం తగ్గిపోద్ది. నీళ్లు నొక్కినా నలగవు కాబట్టి పైపు చిట్లగానే ప్రెషర్ పడిపోద్ది. గాలి అలక్కాదు, దాచుకున్నదంతా ఒక్కసారే వదిలేస్తది. లీటరులో 8 బార్ గాలంటే సుమారు 1 కిలోజౌల్, 10 కిలోల బరువు 10 మీటర్ల పైనుంచి పడ్డంత. పీవీసీ ముక్కలై ఎగురుద్ది. ఒంట్లో దిగిన ముక్క ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనబడకపోవచ్చు.

టెక్కలి_న్యూమాటిక్స్: ముందు గాలి ఖర్చు లెక్కెయ్యండి. రోబో చేతిని తోసే గాలి సిలిండర్ తీసుకోండి. 20 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 8 మి.మీ. రాడ్, 100 మి.మీ. స్ట్రోక్ (రాడ్ కదిలే దూరం) ఉన్నది 4 బార్‌తో ఒకసారి వెళ్లి రావడానికి దాదాపు 290 సీసీల గాలి (నొక్కకముందు బయటున్న మామూలు ప్రెషర్‌లో కొలిస్తే) తాగుతుంది. మీ ట్యాంకు 8 నుంచి 4కి దిగేలోపు ఇచ్చేది 4 లీటర్లు, అంటే 13 సార్లు. వెనక్కి వచ్చేటప్పుడు బరువు లేకపోతే ఆ వైపు వేరే రెగ్యులేటర్ (ప్రెషర్ తగ్గించేది) పెట్టి 2 బార్ ఇవ్వండి, 16 సార్లు దాటుతుంది. ట్యూబులు పొడవుంటే ఈ లెక్క తగ్గుతుంది, వాల్వుని సిలిండర్ పక్కనే బిగించండి.

నాగావళి_బాట్: ఫ్రిజ్ మెకానిక్‌లు పారేసే గ్యాస్ డబ్బా అయితే?

కోట_ఫిట్టర్: అదీ వద్దు. అది ఒకసారి వాడి పడేసేది, మళ్లీ నింపడానికి చేసింది కాదు. రేకు పల్చన, లోపల తుప్పు పడితే బయటికి తెలీదు.

చీపురుపల్లి_బాట్స్: ఎండ మర్చిపోకండి. 25 డిగ్రీల దగ్గర 8 బార్ నింపిన ట్యాంకు మూసిన కారులో 60కి వేడెక్కితే 9 బార్ అవుతుంది. ప్రయాణంలో ఖాళీగానే ఉంచండి. ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్, విద్యార్థుల రోబో పోటీ) పోటీల్లో నిల్వకి 120 పీఎస్ఐ, అంటే 8.3 బార్ హద్దు, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మించితే తనంతట తానే గాలి వదిలేది) 125 పీఎస్ఐకి తెరుచుకోవాలి. ట్యాంకుకీ రిలీఫ్ వాల్వుకీ మధ్య కాక్ (చేత్తో మూసే కుళాయి) పెట్టకూడదు, ఎవరైనా మూసేస్తే ఆ వాల్వ్ ఉండీ లేనట్టే. అది వదిలే గాలి కంప్రెసర్ ఇచ్చేదానికంటే ఎక్కువుండాలి.

టెక్కలి_న్యూమాటిక్స్: టెఫ్లాన్ టేపు మొదటి మర వదిలి చుట్టండి, తునక లోపలికెళ్తే సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఇరుక్కుంటుంది. లీకుకి సబ్బునురగ చాలు. ఫిట్టింగ్ బిగించాలంటే ముందు గాలి మొత్తం వదిలి, గేజీ సున్నా చూశాకే స్పానర్ పట్టుకోండి.

కోట_ఫిట్టర్: స్టీల్ ట్యాంకైతే డ్రెయిన్ కిందకుండేలా బిగించి, వాడిన రోజల్లా నీళ్లు వదలండి. మన సముద్రపు తేమకి తుప్పు లోపల్నుంచే తింటది.