గోధుమ ఎలర్జీ ఉన్న బాబుకి ఓరల్ ఇమ్యునోథెరపీ చేయించిన వాళ్లున్నారా?

అమలాపురం అమ్మ:
బాబుకి ఐదేళ్లు. గోధుమ కొంచెం లోపలికెళ్లినా ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయి ఊపిరాడదు. మొన్న పెళ్లిలో ఎవరో ముచ్చటపడి కాజా ముక్క నోట్లో పెట్టేశారు, ఆసుపత్రికి చేరేదాకా నా ప్రాణం నాలో లేదు. డాక్టరుగారు ఓరల్ ఇమ్యునోథెరపీ, అంటే గోధుమనే చాలా కొద్ది డోసుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ రోజూ నోటితో ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం గురించి ఆలోచించమన్నారు. మా అత్తయ్యగారేమో అన్నం తినే ఇంట్లో గోధుమతో పనేంటి, మానేస్తే పోలా అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉందండి.

భీమవరం నాన్న:
మా పాపకి జరుగుతోందండి. ఇది చపాతీలు తినిపించడానికి కాదు, పొరపాటున ఓ ముక్క వెళ్లినా ప్రాణం మీదకి రాకుండా. డోసు పెంచడం ఆసుపత్రిలోనే, అదే డోసు ఇంట్లో రోజూ ఇవ్వాలి. మేం సాయంత్రం టిఫినయ్యాక, తూచిన గోధుమ పొడిని అరటిపండు గుజ్జులో కలిపి పెడతాం, ఖాళీ కడుపున అస్సలు ఇవ్వం. తర్వాత రెండు గంటలు పరుగులు, సైకిలు బంద్, ఒళ్లు వేడెక్కితే రియాక్షన్ రావచ్చు కాబట్టి. జ్వరమొస్తే ముందు డాక్టరుకి ఫోను. కడుపునొప్పి, నోటి దురద అప్పుడప్పుడూ ఉంటాయి, ఓపిక కావాలి.

కాకినాడ పిల్లల డాక్టర్:
ఇంట్లో చిటికెడు పిండితో మీరే మొదలుపెట్టకండి, దయచేసి. 2019లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 46 మంది ఉన్నారు. తక్కువ డోసు తీసుకున్నవాళ్లలో ఏడాదికి సగం మంది సుమారు 4.4 గ్రాముల గోధుమ ప్రోటీన్ తట్టుకున్నారు. కానీ రెండేళ్లయ్యాక 8-10 వారాలు ఆపి చూస్తే, తట్టుకున్నవాళ్లు 13 శాతమే. అంటే ఎలర్జీ పోయిందని కాదు, డోసు ఆపకూడదని. చాలామంది పిల్లలకి పెద్దయ్యేకొద్దీ ఈ ఎలర్జీ దానంతటదే తగ్గుతుంది కూడా, అందుకే మొదలుపెట్టేముందు మళ్లీ పరీక్ష చేయించండి. ఆయాసం (ఆస్తమా) అదుపులో లేకపోతే మొదలుపెట్టరు. చేయించినా చేయించకపోయినా అడ్రినలిన్ (ప్రాణం మీదకొచ్చే రియాక్షన్‌కి ఇచ్చే ఇంజెక్షన్) దగ్గరుండాలి, కిలోకి 0.01 మిల్లీగ్రాము, తొడ బయటివైపు కండలోకి. బాబు బరువుకి ఎంతో మీ డాక్టరుతో రాయించుకుని, ఇవ్వడం నేర్చుకోండి. ఊపిరాడనప్పుడు సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మందు వేసి చూద్దాం అని కూర్చోవద్దు.

రాజమండ్రి పిన్ని:
మీ అత్తయ్యగారి మాట కొట్టిపారేయలేం, మన వంటంతా బియ్యమే కదా. కానీ ఇంగువ డబ్బా వెనక చదివారా? చాలా పొడి ఇంగువల్లో గోధుమపిండి కలుపుతారు, పులిహోరలోకీ సాంబారులోకీ అదే వెళ్తుంది. పూతరేకులు బియ్యంవే అయినా, మైదా మిఠాయిలు చేసే చేతులతోనే చుడుతున్నారేమో అడగండి. మానేయడం ఇంట్లో సాధ్యమే, పెళ్లిళ్లలో మాత్రం పక్కన మీరు ఉండాల్సిందే. బాబుకి ఆయాసం ఉందా? ఆ సంగతి రాస్తే డాక్టరుగారు ఇంకా చెప్పగలరు.