అప్‌డేట్: మా ముత్తాత గారి సమాధి దొరికింది

ధవళేశ్వరం ఆనకట్ట పనిలో చనిపోయారని మేం అనుకున్న మా ముత్తాత గారి సమాధి ఎక్కడుందో ఎలా వెతకాలని వేసవిలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ దండాలు.

ఫలించింది యానాం రిజిస్టర్లలో వెతకమన్న సలహా. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన కాబట్టి పాత జనన మరణాల రిజిస్టర్లు ఫ్రెంచిలో ఉన్నాయి. మా ఇంటిపేరు వాళ్ళ స్పెల్లింగ్‌లో గుర్తుపట్టలేకపోయాం. రెండుసార్లు తిరగేసినా కనబడలేదు. ఆయన తండ్రి పేరు పట్టుకుని చూస్తే దొరికింది: 1911లో, 58 ఏళ్ల వయసులో, యానాంలోనే పోయారు. ఆనకట్ట 1852కే పూర్తయింది, అంటే ఆయన పుట్టకముందే! ధవళేశ్వరంలో తిరిగిన రోజులన్నీ అనవసరం.

చర్చి పాత పుస్తకంలో సమాధి వరస రాసి ఉంది. రాయి మాత్రం లేదు. ఎనభై దాటిన నాన్నగారు ఆ మట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నారు. రాయి చెక్కించడానికి ఇచ్చాం.