ఆసిలేటర్‌కి లూప్ గెయిన్ కచ్చితంగా 1 ఉండాలా, 1 దాటాలా?

ప్రశ్న (బ్రెడ్‌బోర్డ్)
వీన్ బ్రిడ్జ్ సర్క్యూట్ (రెసిస్టర్-కెపాసిటర్ జత ఒకటి సిరీస్‌లో, ఒకటి ప్యారలల్‌లో పెట్టి సైన్ వేవ్ పుట్టించే ఆసిలేటర్), 741 ఆప్‌యాంప్ చిప్‌తో. రెండు ఆర్‌లూ (రెసిస్టర్లు) 10కె (కిలోఓమ్‌లు), రెండు సీలూ (కెపాసిటర్లు) 0.01 మైక్రోఫ్యారడ్, లెక్కకి 1.59 కిలోహెర్ట్జ్ రావాలి. వేవ్ నిలవాలంటే లూప్ గెయిన్ (సిగ్నల్ ఒక చుట్టు తిరిగొస్తే ఎన్ని రెట్లవుతుందో అది) 1 అంటోంది బార్క్‌హాసెన్ నియమం; ఆర్‌సీ భాగం సిగ్నల్‌ని మూడో వంతు చేస్తుంది, అంటే ఆప్‌యాంప్ గెయిన్ 3. దానికి సరిగ్గా ఫీడ్‌బ్యాక్‌లో 20కె, గ్రౌండ్ వైపు 10కె (గెయిన్ 1 + 20/10) పెడితే స్కోప్ మీద ఉత్త గీత. 20కె తీసి 22కె వేయమని కొందరు, 1 దాటకూడదని కొందరు. ఏది నమ్మాలి?

ఫిలమెంట్
22కె వేయండి. పవర్ ఇచ్చినప్పటి కుదుపో, రెసిస్టర్లలోని నాయిసో, అందులో 1.59 కిలోహెర్ట్జ్ ముక్క చాలా చిన్నది. లూప్ గెయిన్ 1 అయితే అది ఎంతుందో అంతే ఉంటుంది, పెరగదు. వెంట్రుకవాసి తగ్గినా ఆరిపోతుంది. డిజైన్ ఎప్పుడూ 1 పైనే చేయాలి.

పాతపుస్తకం
నియమాన్ని తీసి పారేయకండి సార్. వేవ్ నిలకడగా నడుస్తున్నంతసేపూ సగటు లూప్ గెయిన్ 1 దగ్గరే ఉంటుంది. 22కె పెడితే పెరిగి పెరిగి సప్లైకి కొట్టుకుని తల చదునవుతుంది, ఆ కోతే గెయిన్‌ని 1కి దించుతోంది. 33కె పెట్టి చూడండి, దాదాపు స్క్వేర్ వేవే. ఆప్‌యాంప్ గెయిన్ 5 దాటిందంటే ఇక సైనూ లేదు గీనూ లేదు.

ఫిలమెంట్
ఒప్పుకుంటాను. అందుకే గెయిన్ తగ్గించే పని సప్లైకి వదలకూడదు. హెచ్‌పీ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హ్యూలెట్ 1939లో చేసింది అదే: గ్రౌండ్ వైపు రెసిస్టర్ స్థానంలో చిన్న బల్బు. వేవ్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది, గెయిన్ దిగుతుంది. చవకలో కావాలంటే 20కె బదులు 15కె, దానికి సిరీస్‌లో 10కె ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్), ప్రీసెట్ రెండు కొసల మీద ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు. అవుట్‌పుట్ సుమారు 3 వోల్టుల పీక్ దగ్గర ఆగుతుంది. ప్రీసెట్‌ని సున్నా నుంచి మెల్లగా తిప్పండి. వేవ్ పుట్టిన చోటు నుంచి ఇంకో పిసరు, అంతే. ఇంకా తిప్పితే డిస్టార్షన్ తప్ప లాభం లేదు.

నానోఫ్యారడ్
మీ ఇద్దరూ 3ని దైవవాక్కులా పట్టుకున్నారు. ఆర్‌లు రెండూ, సీలు రెండూ సమానమైతేనే 3. అసలు కావలసింది 1 + (సిరీస్ ఆర్ ÷ ప్యారలల్ ఆర్) + (ప్యారలల్ సీ ÷ సిరీస్ సీ). 103 అని రాసి ఉండే సిరామిక్ డిస్క్ కెపాసిటర్లు (0.01 మైక్రోఫ్యారడ్, అంటే 10 నానోఫ్యారడ్) ఎక్కువగా 20 శాతం అటూఇటూ ఉంటాయి. ప్యారలల్‌ది 12, సిరీస్‌ది 8 నానోఫ్యారడ్ వచ్చాయనుకోండి, కావలసిన గెయిన్ 3.5. 22కె ఇచ్చేది 3.2, చచ్చినా మొదలవదు. తారుమారైతే 2.67 చాలు, అప్పుడు 20కె కూడా వేవ్‌ని కత్తిరిస్తుంది. పాలియెస్టర్ కెపాసిటర్లు తెచ్చి, మీటర్‌తో కొలిచి జత కలపండి. రెసిస్టర్లు 1 శాతం మెటల్ ఫిల్మ్. ఇది చేశాక ఆ ప్రీసెట్‌కి అర్థం ఉంటుంది.

బ్రెడ్‌బోర్డ్
కొలిచాను: ప్యారలల్‌ది 10.9, సిరీస్‌ది 9.4. అంటే 3.16 కావాలి. సిమ్యులేషన్‌లో అన్నీ సమానంగా ఇచ్చి 22కె పెట్టినా గీతే వస్తోంది, అదెందుకు?

నానోఫ్యారడ్
సిమ్యులేటర్‌లో నాయిస్ లేదు. ముందే డీసీ పాయింట్ (వేవ్ లేనప్పటి స్థిరమైన వోల్టేజీలు) లెక్కగట్టి అక్కడ కూర్చుంటుంది. సప్లైని సున్నా నుంచి లేపే ఆప్షన్ పెట్టండి, లేదా ఒక కెపాసిటర్‌కి 0.1 వోల్ట్ ఆరంభ విలువ ఇవ్వండి.

పాతపుస్తకం
గెయిన్ 1 దాటితే చాలనుకునేవాళ్లకి ఒక మాట. 741 రెండో పిన్నూ (మైనస్ ఇన్‌పుట్) మూడో పిన్నూ (ప్లస్ ఇన్‌పుట్) తారుమారు చేయండి. అప్పుడు డీసీలోనే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్, లూప్ గెయిన్ వేలల్లో. అయినా ఆసిలేషన్ ఉండదు, అవుట్‌పుట్ ఒక సప్లై దగ్గర అతుక్కుపోతుంది. గీత సున్నా దగ్గర ఉంటే గెయిన్ చూడండి, సప్లై దగ్గర ఉంటే పిన్నులు చూడండి.