ఎనిమిది నెలల్లో పైలట్ కోర్సు అంటున్నారు, అమ్మాయిని పంపొచ్చా?

అరండల్‌పేట నాన్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఇంజినీరింగ్ వద్దు, పైలట్ అవుతానని పట్టుబట్టింది. బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అమెరికాలో ఫాస్ట్‌ట్రాక్ కోర్సు ఉందట, ఎనిమిది నెలల్లో కమర్షియల్ లైసెన్స్ చేతికొస్తుందట, తిరిగొచ్చాక ఇక్కడ రెండు పేపర్లు రాస్తే చాలట. ఫీజు మొత్తం ఒకేసారి కడితే ఐదు లక్షలు తగ్గిస్తారు, అదీ ఈ నెలాఖరు లోపే.

యార్డులో ఎవరైనా ఈ పూటే తేల్చమని తొందరపెడితే నేను బస్తాలో చెయ్యి పెట్టి తేమ చూడకుండా మాట్లాడను. ఇక్కడ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక అడుగుతున్నా. ఎనిమిది నెలల్లో నిజంగా అవుతుందా? మన దేశంలో అయితే రెండేళ్లు దాటుతుందంటున్నారు, అది నిజమేనా? పిల్ల పదో తరగతి దాకా తెలుగు మీడియం, వాళ్లమ్మకి ఆ టెన్షన్ ఒకటి. ఈ దారిలో వెళ్లొచ్చినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

పటమట పైలట్

నమస్తే అంకుల్. మాది పటమట. ఇలాంటి కోర్సే ఫ్లోరిడాలో చేసి వచ్చాను. స్కూల్ పేరు మాత్రం చెప్పను. ఎనిమిది నెలలు అన్నది అబద్ధం కాదు, మధ్యలో ఏదీ ఆగకపోతే అవుతుంది. కానీ ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో తెలిస్తే కన్సల్టెన్సీని ఏం అడగాలో మీకే అర్థమవుతుంది.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే రోజూ ఎగిరే ఆ పద్ధతి నాకు నచ్చింది. దిగేటప్పుడు నేల దగ్గరికొచ్చాక విమానం ముక్కు ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి అన్నది పుస్తకం చదివితే రాదు. దాన్నే ఫ్లేర్ అంటారు. అది కంటికి అలవాటు కావాలి. వారానికోసారి ఎగిరేవాళ్లకి సగం క్లాసు కిందటివారం నేర్చుకున్నది గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది, ఆ సగానికీ డాలర్లు కట్టాలి. రోజూ ఎగిరితే నిన్నటి తప్పు ఇంకా చేతిలో వెచ్చగా ఉండగానే దిద్దుకుంటాం.

కానీ అక్కడ ఒక్కో రోజు ఎలా గడుస్తుందో కూడా అమ్మాయికి తెలియాలి. ఎండాకాలంలో ఫ్లోరిడాలో మధ్యాహ్నం దాటితే ఉరుములు మెరుపులు. మనకి రోహిణి కార్తెలో ఎప్పుడో ఒక సాయంత్రం వచ్చే గాలివాన కాదు, దాదాపు రోజూ. అందుకని పొద్దున మొదటి స్లాట్ కోసం అందరూ ఎగబడతారు. చీకటి ఉండగానే లేచి వాతావరణం చూసుకోవాలి, బరువు లెక్కలు వేసుకోవాలి, సెస్నా 172 అనే ట్రైనింగ్ విమానం చుట్టూ టార్చి లైటుతో తిరగాలి. రెక్కల్లో ఉన్న ట్యాంకు నుంచి కొంచెం పెట్రోలు చిన్న గ్లాసులోకి దించి నీళ్లు కలిశాయేమో చూడాలి. ఆ పెట్రోలు లేత నీలంగా ఉంటుంది, రంగు తేడాగా ఉంటే ఎగరకూడదు. మధ్యాహ్నం గ్రౌండ్ క్లాసు, రాత్రి మర్నాటి పాఠం, అన్నం మనమే వండుకోవాలి. మా బ్యాచ్‌లో మధ్యలో మానేసినవాళ్లు తెలివి తక్కువవాళ్లేం కాదు. వాళ్లకి నిద్ర చాలలేదు, అంతే.

ఇక ఆగే సంగతి. డబ్బు తీసుకుని నేర్పడానికి వాడే విమానానికి అక్కడ ప్రతి 100 గంటలకీ ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. బిజీ స్కూల్లో ఒక విమానం రోజుకి ఐదారు గంటలు ఎగురుతుంది, అంటే మూడు వారాలు తిరక్కుండానే హ్యాంగర్‌లోకి, అంటే విమానాల షెడ్డులోకి. ఏదైనా పార్టు రావాల్సి ఉంటే అక్కడే కూర్చుంటుంది. కాబట్టి మొత్తం విమానాలెన్ని అని అడగొద్దు. ఈ వారం ఎగరడానికి సిద్ధంగా ఉన్నవెన్ని, వాటి మీద స్టూడెంట్లెంతమంది అని అడగండి.

రెండోది ఇన్‌స్ట్రక్టర్లు. చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే. అక్కడ పెద్ద ఎయిర్‌లైన్ ఉద్యోగానికి సాధారణంగా 1500 గంటలు కావాలి, ఆ గంటలు మనకి నేర్పుతూ పోగేసుకుంటారు. నిండగానే వెళ్లిపోతారు. నాకు కమర్షియల్ కోర్సు మధ్యలో మారిపోయారు. కొత్తాయన వచ్చి మొదటి నుంచీ ఒక్కొక్కటీ చేసి చూపించమన్నారు. కోపమొచ్చింది కానీ ఆయన్ని అనడానికేం లేదు, పరీక్షకి మనల్ని పంపేది ఆయన సంతకమే కదా.

మూడోది ఎగ్జామినర్ డేట్. ఎగ్జామినర్ పెట్టే పరీక్షని చెక్‌రైడ్ అంటారు. ముందు టేబుల్ దగ్గర కూర్చోబెట్టి అడుగుతారు. ఇవాళ ఈ విమానం ఎగరడానికి చట్టప్రకారం పనికొస్తుందని దాని లాగ్‌బుక్కుల్లో నాకు చూపించు, ఇలా ఉంటాయి ప్రశ్నలు. అది గట్టెక్కితేనే ఎగరడం. ఆ డేట్ కోసం వారాలు ఎదురుచూడాల్సి వస్తుంది, ఆ వారాల్లో చెయ్యి మొద్దుబారకుండా మళ్లీ డబ్బు కట్టి ఎగరాలి. ఈ ఖర్చు నేను చూసిన ఏ కొటేషన్‌లోనూ లేదు.

కొటేషన్ అంటే గుర్తొచ్చింది. కమర్షియల్‌కి ముందు మెట్టయిన ప్రైవేట్ లైసెన్స్‌కి అక్కడి రూల్ ప్రకారం కనీసం 40 గంటలు, ఆమోదించిన సిలబస్‌తో నడిచే పార్ట్ 141 అనే రకం స్కూళ్లలో 35. కన్సల్టెన్సీవాళ్లు ఆ కనీసం గంటలకే లెక్క కడతారు. మా బ్యాచ్‌లో ఆ కనీసంలో ముగించినవాళ్లు నాకు కనబడలేదు. పైన పడే ప్రతి గంటకీ విమానం అద్దె వేరు, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు వేరు.

అసలు మెలిక ఇది, దయచేసి జాగ్రత్తగా చదవండి. అదే పార్ట్ 141 స్కూల్లో 190 గంటలకే కమర్షియల్ లైసెన్స్ ఇవ్వొచ్చు. మన దేశంలో పైలట్ లైసెన్స్ ఇచ్చే డీజీసీఏకి 200 గంటలు కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మనదే అయి, ఆ వందలో 20 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి దూరంగా మరో చోటికి, ఆ ఇరవైలో 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి. మా బ్యాచ్ అబ్బాయి ఒకడు అమెరికా లైసెన్స్ జేబులో పెట్టుకుని దిగాడు. మిగతా గంటల కోసం ఇక్కడ ఫ్లయింగ్ క్లబ్ చుట్టూ తిరుగుతుంటే ఆ వేగమంతా ఇక్కడే కరిగిపోయింది. డీజీసీఏ లెక్క ప్రకారం ఏ గంటలు ఏ కాలమ్‌లో వస్తాయో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే వాళ్లకి తెలియదనే అర్థం.

బ్రాడీపేట రన్‌వే

నేను మన దేశంలోనే చేశా, ఉత్తరాదిన. రెండేళ్లు దాటడం నిజమే బాబాయ్, దాచడానికేం లేదు. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు దిగితే పొద్దున పదకొండయినా రన్‌వే అవతలి చివర కనబడదు. హాస్టల్లో పడుకుని ఫీజు కడుతున్నట్టుండేది. కానీ నాకు మన లైసెన్సే చేతికొచ్చింది, విదేశీ లైసెన్స్‌ని మన లైసెన్స్‌గా మార్చుకునే గోల లేదు.

ఆ కన్సల్టెన్సీ "రెండు పేపర్లు" అన్నదాని గురించి చెప్పాలి. బయట లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు ఎయిర్ రెగ్యులేషన్స్ (విమానాల నియమాలు) ఒకటి, నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం) కలిపిన కాంపోజిట్ పేపర్ ఒకటి రాయాలి. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. వినడానికి రెండే, ఆ కాంపోజిట్ దగ్గర నెలల తరబడి ఇరుక్కున్నవాళ్లని చూశా. రేడియో లైసెన్స్ పరీక్ష, ఆర్‌టీఆర్ అంటాం, అది విడిగా. వచ్చాక చదువుదాంలే అనుకుంటే ఈలోగా ఫ్లయింగ్ పాతబడిపోతుంది, ఎగిరి చూపించే స్కిల్ టెస్టులు మళ్లీ కొత్తవి అడుగుతారు. అందుకని ఇండియా అయినా అమెరికా అయినా ముందు ఇంట్లో కూర్చుని ఈ సబ్జెక్టులు అవగొట్టమనండి. ఎంపీసీ పిల్లకి నావిగేషన్ లెక్కలు కష్టం కాదు. నిజానికి వేగంగా అవ్వాలంటే ఉన్న దారి ఇదొక్కటే, దీనికి ఎవరికీ లక్షలు కట్టక్కర్లేదు.

ఇక్కడి స్కూళ్లు చూసేటట్టయితే డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకి గ్రేడులు ఇస్తోంది, ఒకసారి చూసుకోండి. గ్రేడు చూసి ఊరుకోకుండా స్వయంగా వెళ్లండి. ఆఫీసు రూములో కూర్చోవద్దు, హ్యాంగర్ వెనక్కి నడవండి. ప్రొపెల్లర్ లేకుండా దుమ్ము పట్టి ఎన్ని ఉన్నాయో అక్కడ కనబడతాయి.

పటమట అక్క మాటల్లో ఒకటి ఒప్పుకోను. రోజూ ఎగిరితేనే వస్తుందన్నది అందరికీ కాదు. మాకు మంచు విడిచాక బాకీ తీర్చేసినట్టు రోజుకి రెండేసి ఫ్లైట్లు పెట్టేవాళ్లు. రెండోదాంట్లో నా బుర్ర పనిచేసేది కాదు, ఏం నేర్చుకున్నానో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

పటమట పైలట్

అది కరెక్టే తమ్ముడూ. రోజుకి రెండు ఎక్కువ. నేను రోజూ ఒకటి ఎగిరి, ఖాళీ ఉంటే ఇంకొకరి క్లాసులో వెనక సీట్లో కూర్చునేదాన్ని. 172లో నాలుగు సీట్లు కదా, బరువు సరిపోతే ఇన్‌స్ట్రక్టర్లు కాదనరు, దానికి డబ్బు తీసుకోరు. మన చేతిలో కంట్రోల్ లేనప్పుడు పక్కవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో భలే స్పష్టంగా కనిపిస్తుంది. రన్‌వేకి సూటిగా రాకుండా పక్కగాలికి కొట్టుకుపోవడం నాకు అర్థమైంది వెనక సీట్లోనే.

అరండల్‌పేట నాన్న

చాలా థాంక్స్ అమ్మా, బాబూ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మూడు సందేహాలు. పిల్లకి కళ్లజోడు ఉంది, ఇబ్బందా? ఇంగ్లీషు రాస్తుంది, చదువుతుంది, గబగబా మాట్లాడితే మాత్రం అందుకోలేదు. డబ్బుకి కొంత చేతిలో ఉంది, మిగతాది లోను. చిలకలూరిపేట దగ్గర నాలుగెకరాలు ఉంది, దాని మీద ఇస్తారా? అక్కడ పార్ట్ టైం చేసుకుంటే తిండి ఖర్చు వెళ్లిపోతుందని కూడా కన్సల్టెన్సీ అబ్బాయి అన్నాడు.

పటమట పైలట్

ఆఖరిది ముందు. పార్ట్ టైం మాట అన్నవాణ్ణి ఇంకేదీ నమ్మకండి అంకుల్. ఫ్లయింగ్ కోర్సుకి ఎక్కువగా వచ్చేది ఎం-1 వీసా, దాని మీద చదువుకుంటూ బయట ఉద్యోగం చేయకూడదు. పట్టుబడితే వీసా పోతుంది. ఇది కాక విదేశీయులకి ఫ్లయింగ్ నేర్పే ముందు అక్కడి రవాణా భద్రతా సంస్థ వేలిముద్రలు తీసుకుని అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి వచ్చేదాకా ఎదురుచూసే రోజులు కూడా ఎనిమిది నెలల్లో కలిపారో లేదో కనుక్కోండి.

కళ్లజోడు ఉన్నా ఫరవాలేదు, జోడుతో చూపు సరిగ్గా ఉంటే చాలు. కలర్ విజన్ మాత్రం ముఖ్యం. రంగు చుక్కల్లో అంకెలు చదవమంటారు, అది చాలామందికి అక్కడికెళ్లేదాకా తెలియని విషయం. ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్, అంటే మొదటి మెట్టు వైద్య పరీక్ష, తర్వాత కమర్షియల్ లైసెన్స్‌కి కావాల్సిన క్లాస్ 1. క్లాస్ 1 చేతికి రాకుండా ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు. నెలాఖరు లోపు అవ్వదంటే ఆఫర్ పోనివ్వండి.

ఇంగ్లీషు గురించి ఆంటీగారికి ధైర్యం చెప్పండి. రేడియోలో మాట్లాడేది మామూలు ఇంగ్లీషు కాదు, లెక్కపెట్టినన్ని వాక్యాలు. త్రీని ట్రీ అంటారు, నైన్‌ని నైనర్ అంటారు. హోల్డ్ షార్ట్ అంటే రన్‌వే గీత దాటకుండా ఆగాలి, ఆ మాటని రన్‌వే నంబరుతో సహా మనం తిరిగి అప్పజెప్పాలి. కష్టం వాళ్ల వేగంతోనే. నేను వెళ్లక ముందు ఇంట్లో లైవ్ ఏటీసీ అనే సైట్ పెట్టుకుని అమెరికా ఎయిర్‌పోర్టు టవర్లు పైలట్లతో మాట్లాడేది వినేదాన్ని. మొదట్లో ఒక్క ముక్క పట్టుబడలేదు. కాగితం పెట్టుకుని కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), రన్‌వే, గాలి ఈ మూడే రాసుకోమనండి, మిగతాది మెల్లగా అతుక్కుంటుంది. అర్థం కాకపోతే "సే అగైన్" అనడానికి సిగ్గుపడకూడదు. మా బ్యాచ్‌లో ఇంగ్లీషు మీడియంవాళ్లే అది అడగడానికి మొహమాటపడేవాళ్లు.

కృష్ణలంక రిటైర్డ్

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్లో పనిచేసి దిగినవాణ్ణి కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతారు. పొలం కాగితాలకి చాలా బ్రాంచీలు ఒప్పుకోవు, ఇల్లో, ప్లాటో కావాలి. గుంటూరులో ఇల్లు మీ పేరున ఉంటే దానితో వెళ్లండి.

బ్యాంకు డబ్బు మీ చేతికి ఇవ్వదు, స్కూలుకి దశలవారీగా పంపుతుంది. ఇది మీకు మంచిదే. ఒకేసారి మొత్తం కట్టమనే స్కూలుకి మా బ్రాంచిలో ఫైలు కదిలేది కాదు. సొంత డబ్బు కూడా అలాగే కట్టండి. ప్రైవేట్ లైసెన్స్ అయ్యాక ఇంత, మీటర్లు చూసి ఎగరడం నేర్పే ఇన్‌స్ట్రుమెంట్ అయ్యాక ఇంత అని. మధ్యలో మానేస్తే ఎగరని గంటల డబ్బు ఎన్నాళ్లకి తిరిగిస్తారో ఒప్పందంలో ఉండాలి. కన్సల్టెన్సీ ఖాతాకి కాకుండా స్కూలు ఖాతాకే పంపండి.

కోర్సు నడిచినన్నాళ్లూ కిస్తీ ఉండదు గానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. లైసెన్స్ వచ్చిన మర్నాడే ఉద్యోగం రాదు. ఏ320 లాంటి పెద్ద విమానానికి టైప్ రేటింగ్ అని, ఆ రకం విమానం నడిపే అర్హతకి, మరో ఖర్చు ఉంటుంది, అది ఈ లోన్లో ఉండదు. మొత్తం డబ్బు లైసెన్స్ దాకానే లెక్కేసి వచ్చిన తండ్రులు రెండోసారి నా టేబుల్ దగ్గరికి వచ్చేవారు. ఆ రెండో లోనుకి తాకట్టు పెట్టడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగిలేది కాదు.

అరండల్‌పేట నాన్న

అర్థమైంది సార్. అయితే ముందు మెడికల్, తర్వాత పేపర్లు. పిల్లకి ఈ థ్రెడ్ చూపించాను. హెడ్‌సెట్ ఇప్పుడే కొననా అని అడగమంటోంది అమ్మా.

పటమట పైలట్

వద్దని చెప్పండి అంకుల్. స్కూల్లో అద్దెకి ఇస్తారు, కోర్సు ముగించి వెళ్లే సీనియర్లు సగం ధరకి అమ్మేస్తుంటారు. ఇప్పుడు కొనాల్సింది నావిగేషన్ పుస్తకం, ఒక మంచి ప్రొట్రాక్టర్. నావి పాత నోట్సు ఉన్నాయి, బెజవాడ వచ్చినప్పుడు మెసేజ్ పెట్టమనండి, ఇస్తాను.