బోర్డు లేకపోతే కుక్కని షాపులోకి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న:
మా కుక్క చాలా నెమ్మది, ఎవరి జోలికీ పోదు. మందుల షాపుకి వెళ్తే దాన్ని బయట కట్టేయడానికి మనసొప్పదు, కార్లో వదలాలంటే టెన్షన్. తలుపు మీద బోర్డేమీ లేకపోతే లోపలికి తీసుకెళ్లొచ్చా?

జవాబు:
కార్లో మాత్రం వదలకండి. ఎండలో ఆపిన కారు లోపల 10 నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది. అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు.

జవాబు:
నేను బట్టల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. బోర్డు లేదంటే రమ్మన్నట్టు కాదండీ. గుమ్మం దగ్గరే ఆగి అడగండి, వద్దంటే వాదించకండి. రమ్మంటే పట్టీ పొట్టిగా పట్టుకోండి. సాగే పట్టీ అయితే ఇరుకు వరసల్లో అందరి కాళ్లకీ చుట్టుకుంటుంది. "ఏమీ చేయదు" అని మీరంటారు, నిజమే కావచ్చు. కానీ కుక్కంటే హడలిపోయే పిల్లకి ఆ మాట చెవికెక్కదు. అలర్జీ ఉన్నవాళ్లకి కుక్క నెమ్మదైనా ఒకటే. చాలామంది అనుకున్నట్టు అది వెంట్రుకల వల్ల కాదు, చర్మపు పొట్టులో, లాలాజలంలో ఉండే ప్రోటీన్ల వల్ల వస్తుంది. చూపు లేనివాళ్లకి దారి చూపే కుక్కల సంగతి వేరు. వాటిని ఆపకూడదు, పనిలో ఉండగా నిమరకూడదు కూడా.

ప్రశ్న అడిగినవారు:
అయితే ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను. వద్దంటే ఇంట్లోనే ఉంచి వెళ్తాను. థాంక్సండీ.