పూతరేకు తీసే నైపుణ్యానికి మార్కులు ఎలా వేయాలి?

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు తీసే మహిళల కోసం ఒక నైపుణ్య పరీక్ష తయారుచేస్తున్నాం, సాయం చేయండి.

పిండి పాలలా పల్చగా ఉండాలి. అందులో ముంచిన గుడ్డను, కాగిన బోర్లా కుండ మీద ఒక్క లాగులో పరిచి తీస్తే రేకు క్షణాల్లో లేస్తుంది. వేడి తగ్గితే అంటుకుంటుంది, ఎక్కువైతే మాడి చిట్లుతుంది. పిండి చిక్కబడితే రేకు మందం. అందుకే ఆరితేరిన చేయి కూడా పరాయి కుండ దగ్గర తడబడుతుంది. అలాంటప్పుడు నైపుణ్యం చేతిలో ఉన్నట్టా, కుండా మంటా పిండీ కలిసిన అమరికలో ఉన్నట్టా?

నేర్చుకోవడంపై పరిశోధించిన జీన్ లేవ్, ఎటియన్ వెంగర్ 1991లో నేర్చుకోవడాన్ని పనివాళ్ల సమూహంలో క్రమంగా చేరడంగా వివరించారు. అది ఒప్పుకుంటే మనిషిని ఆ సమూహం నుంచి విడదీసి పెట్టే పరీక్ష సగమే కొలుస్తుంది.

మా ప్రతిపాదన: సొంత కుండ మీద 20, పరాయి కుండ మీద 20 రేకులు. పాడైన రేకు తర్వాత మంట, పిండి సరిదిద్దుకుని మళ్లీ మంచి రేకు తీయడానికి ఎన్ని రేకులు పట్టాయో లెక్కించాలి. ఎక్కువ మార్కులు దీనికే ఉండాలని మా అభిప్రాయం.

రేకు తీసేవారు, నెయ్యి బెల్లం వేసి చుట్టేవారు వేరైన చోట తీర్పు ఎవరిది? చుట్టేటప్పుడు విరిగిన రేకులకు ఎవరి మార్కులు తగ్గించాలి? చేనేతలోనో, లేసు అల్లికలోనో ఇలాంటి పరీక్ష నడిపినవారు మార్కుల పట్టిక ఎలా విభజించారో చెప్పగలరా?